డేట్ కదలని ఏళ్ళల్లో ఏం చేయాలి? గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాళ్ళకు

అమెరికా గ్రీన్ కార్డ్ లైన్లో మన చోటు చెప్పేది ప్రయారిటీ డేట్. నాది 2015 మార్చి. ఈబీ-2 (ఉద్యోగాల కోటాలో రెండో కేటగిరీ), ఇండియా. లైన్ ఎక్కడిదాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా వీసా బులెటిన్‌లో చెబుతుంది. 2020 అక్టోబరు బులెటిన్‌లో ఈబీ-3 (మూడో కేటగిరీ) ఫైలింగ్ డేట్ ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకింది. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో దీపావళి. 2014 వాళ్ళు చాలామంది ఈబీ-3కి డౌన్‌గ్రేడ్ చేసుకుని ఐ-485, అంటే గ్రీన్ కార్డుకి చివరి దరఖాస్తు, వేసేశారు. నేను రెండు మూడు నెలల తేడాతో గట్టు మీదే ఉండిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఈ పదేళ్ళలో ఒకటి గమనించాను. లైన్ కదలక నష్టపోయినవాళ్ళ కంటే, లైన్లో నిలబడి ఏదో ఒక గడువో కాగితమో చూసుకోక దెబ్బతిన్నవాళ్ళే నాకు ఎక్కువ కనిపించారు. డేట్ మన చేతిలో లేదు. మిగతావి చాలావరకు ఉన్నాయి. అవి ఎలా చూసుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను. నేను లాయర్ని కాను, మీ కేసుకి మీ అటార్నీ మాటే చివరిది. కానీ అటార్నీని ఏం అడగాలో మీకు తెలియకపోతే ఆయనంతట ఆయన చెప్పడు. అది కూడా అనుభవమే.

ముందు లెక్క చూసుకోండి, ఒక్కసారి చాలు

ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. అందులో ఈబీ-2కి 28.6 శాతం, అంటే 40,000 పైచిలుకు. ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల ఈబీ-2లో ఇండియా వాటా 2,800 దాకా వస్తుంది. ఇందులో భార్యాపిల్లలు కూడా కలిసే ఉంటారు. ఇంట్లో నలుగురుంటే మీ ఒక్క కేసుకే నాలుగు కార్డులు పోతాయి. అలా వేసుకుంటే ఏడాదికి 700 కుటుంబాలు. మా ఊళ్ళో ఉగాది ఫంక్షన్‌కి వచ్చే జనం అంతకంటే ఎక్కువ ఉంటారు.

మరి డేట్ అప్పుడప్పుడు ఎందుకు దూకుతుంది? మిగతా దేశాలవాళ్ళు వాడుకోగా మిగిలినవి లైన్లో ముందున్నవాళ్ళకి వస్తాయి. కోవిడ్‌లో కాన్సులేట్లు మూతపడి కుటుంబాల కోటా మిగిలిపోయింది. అది ఇటు వచ్చి కలవడంతో 2022 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగాల కోటా 2,81,000 దాటింది. ఆ సెప్టెంబరుకి ఈబీ-2 ఇండియా 2014 డిసెంబరు 1 దాకా వచ్చేసింది. తర్వాతి నెలలోనే 2012 ఏప్రిల్‌కి, 2023 వేసవికల్లా 2011 జనవరికి పడిపోయింది. పాకుతూ పాకుతూ 2025 అక్టోబరుకి 2013 ఏప్రిల్‌కి చేరింది. ఈ వరస చూశాక, నెలకి ఇంత కదులుతోంది కాబట్టి నా వంతు ఫలానా ఏడాది అని వేసుకున్న ఎక్సెల్ షీట్ చెరిపేశాను. అందులో మూడు ట్యాబులుండేవి, రంగులతో సహా.

బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి. ఫైనల్ యాక్షన్ డేట్ అంటే కార్డు ఇవ్వగలిగిన డేట్. డేట్స్ ఫర్ ఫైలింగ్ అంటే ఐ-485 వేసుకోగలిగిన డేట్. ఆ నెల ఏ పట్టిక చూడాలో ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ విడిగా చెబుతుంది. మా గ్రూపులో సగం గొడవలు ఒకళ్ళు ఒక పట్టిక, ఇంకొకళ్ళు రెండో పట్టిక చూసి మాట్లాడుకోవడం వల్ల వచ్చినవే.

ఇంకొక్కటి, ఇది ఇంట్లో కూర్చుని అడగాల్సిన ప్రశ్న. మీ ఆవిడ గానీ, మీ ఆయన గానీ ఎక్కడ పుట్టారు? దేశం కోటా పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన చోటుని బట్టి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో పెరిగినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. జీవిత భాగస్వామి అలా పుట్టి ఉంటే ఇద్దరూ ఆ దేశం లైన్లోకి మారొచ్చు. ఆ లైను మనదానితో పోలిస్తే లైనే కాదు. పిల్లలు పుట్టిన చోటు మాత్రం తల్లిదండ్రులకి పనికిరాదు. నాకు తెలిసిన ఒకాయన ఈ సంగతి తెలియక ఆరేళ్ళు ఇండియా డేట్ చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళావిడ పుట్టింది దోహాలో.

కాగితాలు ఇప్పుడే పోగేయండి

డేట్ కరెంట్ అయినప్పుడు, అంటే మన వంతు వచ్చినప్పుడు, కిటికీ ఒక నెలే తెరుచుకుని ఉండొచ్చు. అప్పుడు మొదలుపెడితే కుదరదు. ముఖ్యంగా ఊళ్ళో నుంచి రావాల్సినవి.

మొదటిది బర్త్ సర్టిఫికెట్. నా విషయం చెబుతాను, మీకూ దగ్గరగానే ఉంటుంది. నేను పుట్టింది మా అమ్మమ్మగారి ఊళ్ళో, ఇంట్లోనే. నాన్న పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి రిజిస్టర్ తీయిస్తే అందులో నా పేరు లేదు. ‘మగ శిశువు’ అని ఉంది. అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. నాన్న పేరులో ఒక అక్షరం తేడా. తారీఖు మాత్రం సరిపోయింది.

నాన్న ఫోన్ చేసి, “ఒరేయ్, సెక్రటరీ కొత్తది రాసిచ్చేస్తానంటున్నాడు, రాయించేయనా?” అన్నారు.

అక్కడే ఆగమన్నాను, అటార్నీ చెప్పడం వల్ల. పుట్టిన ముప్పై నలభై ఏళ్ళకి కొత్తగా రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే, ఇంకేదైనా ఆధారం చూపించమని ఆర్‌ఎఫ్‌ఈ రావడం మామూలు. చేయాల్సింది ఇది. పాత రికార్డు ఉంటే ఉన్నదున్నట్టు నకలు తీయించండి. లేకపోతే, లేదని రాసి ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోండి. పంచాయతీ, మునిసిపాలిటీ, మీసేవ కేంద్రం, తహసీల్దార్ ఆఫీసు, మీ ఊళ్ళో ఎవరిస్తే వాళ్ళ దగ్గర. దానికి తోడు ఇద్దరు పెద్దవాళ్ళ అఫిడవిట్లు కావాలి. మీరు పుట్టేటప్పటికే వాళ్ళు ఉండాలి, పుట్టిన సంగతి స్వయంగా తెలిసి ఉండాలి. అమ్మ, మేనమామ, పెద్దమ్మ ఎవరైనా సరే. మీ పూర్తి పేరు, తారీఖు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తమకు ఎలా తెలుసో రాసి నోటరీ చేయించాలి. టెన్త్ మెమో జత చేయండి. మన దగ్గర పుట్టిన తారీఖుకి అదే పెద్ద రుజువు.

ఈ పని ఈ ఏడాదే చేయండి. చెప్పడానికి బాగుండదు గానీ, సంతకం పెట్టాల్సిన పెద్దవాళ్ళు ఎప్పటికీ ఉండరు. నా అఫిడవిట్ మీద సంతకం పెట్టిన మా మేనమామ ఆ తర్వాత రెండేళ్ళకి పోయారు.

పేర్ల గొడవ ఇంకోటి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, టెన్త్ మెమోలో ఇనీషియల్ మాత్రమే, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. ఎన్ని రూపాల్లో మీ పేరు ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రూపాలన్నీ ఒకే మనిషివని అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయిస్తే తర్వాత తలనొప్పి ఉండదు.

రెండోది ఐ-140, మన కోసం కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, గవర్నమెంట్ అప్రూవ్ చేసినా కొన్ని కంపెనీలు ఆ నోటీసు కాపీ మనకివ్వవు. కనీసం రసీదు నంబరు అడగండి. అదీ రాకపోతే యూఎస్‌సీఐఎస్‌కి ఆన్‌లైన్‌లో ఫోయా (మన సమాచార హక్కు లాంటిది) రిక్వెస్ట్ పెట్టి మీ ఫైలు కాపీ తెప్పించుకోవచ్చు. సాధారణంగా ఖర్చు ఉండదు, కాస్త ఓపిక ఉండాలి. ఉద్యోగం మారే ముందు ఈ పని అయిపోయి ఉండాలి.

మిగతావి గబగబా: ప్రతి ఐ-797 (అప్రూవల్ నోటీసు), ప్రతి ఐ-20 (చదువుకునేటప్పుడు కాలేజీ ఇచ్చిన వీసా కాగితం), అన్ని ఏళ్ళ డబ్ల్యూ-2లు (జీతం, పన్ను లెక్క), పాత పాస్‌పోర్టులు, పెళ్ళి సర్టిఫికెట్. స్కాన్ చేసి రెండు చోట్ల పెట్టండి. పెళ్ళి ఫొటోలు చూపిస్తే సరిపోతుందనుకున్న జంటలు ఉన్నారు. రిజిస్టర్ చేయించుకోకపోతే ఇండియా వెళ్ళినప్పుడు చేయించేయండి.

ఐ-94: ఎవరూ చూడని చోటే గొయ్యి

ఐ-94 అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు. 2018లో ఇండియా నుంచి తిరిగి వచ్చాను. చేతిలో మూడేళ్ళ ఐ-797 ఉంది, వీసా స్టాంపు ఉంది. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ ముద్ర కొట్టాడు, ఇంటికొచ్చాం. ఏడాది గడిచింది. డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే కౌంటర్లో ఆవిడ కంప్యూటర్ చూసి, “మీకు ఏడు వారాలే ఇవ్వగలను” అంది. పొరపాటు పడుతోందనుకుని ఐ-797 చూపించాను. ఆవిడ తన స్క్రీన్ నా వైపు తిప్పింది.

జరిగిందేమిటంటే నా పాస్‌పోర్ట్ గడువు ఇంకో పద్నాలుగు నెలలే ఉంది. ఆఫీసర్ ఐ-94ని ఆ తారీఖు దాకానే ఇచ్చాడు. చివరగా ఏది ఇచ్చారో అదే లెక్క, ఐ-797లో ఏం రాసి ఉన్నా సరే. ఆ ఏడు వారాల తర్వాత నేను చట్టప్రకారం ఇక్కడ ఉండకూడదు. ఆ లైసెన్స్ ఆఫీసుకి ఆ రోజు వెళ్ళకపోతే నాకు తెలిసేదే కాదు. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి పరుగెత్తి, మా అటార్నీతో గడువు లోపల ఎక్స్‌టెన్షన్ వేయించి బయటపడ్డాను. ఆ ఏడు వారాలూ మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అందుకని ఇలా చేయండి. దేశంలో అడుగుపెట్టిన రోజే, బ్యాగేజీ కోసం నిలబడ్డప్పుడే, సరిహద్దు అధికారుల శాఖ సీబీపీ సైటులో మీ ఐ-94 తీసి తారీఖు చూడండి. ఇంట్లో ప్రతి ఒక్కరిదీ విడివిడిగా. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్ళకే అయిపోతాయి కాబట్టి ఈ దెబ్బ వాళ్ళకే ఎక్కువ తగులుతుంది. పాస్‌పోర్ట్‌లో ఏడాదిన్నర కంటే తక్కువ మిగిలి ఉంటే ప్రయాణానికి ముందే రెన్యువల్ చేయించేయండి. ఇల్లు మారితే పది రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 ఆన్‌లైన్‌లో వేయండి. ఐదు నిమిషాల పని, చాలామంది మర్చిపోతారు.

మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. నాలుగు పేర్లు, ఒక్కో పేరు కింద పాస్‌పోర్ట్, ఐ-94, వీసా, లైసెన్సు గడువులు. ఇంటికి వచ్చినవాళ్ళు నవ్వుతారు. తర్వాత ఫొటో తీసుకుని వెళ్తారు.

ఉద్యోగం: భయంతో అంటిపెట్టుకుని ఉండకండి

ఉద్యోగ వీసా హెచ్-1బీ ఆరేళ్ళే అన్నది అందరికీ తెలుసు. ఐ-140 అప్రూవ్ అయి డేట్ రానివాళ్ళకి మూడేళ్ళ చొప్పున పొడిగింపు దొరుకుతుంది. ఇంకా అప్రూవ్ కాకపోయినా, పెర్మ్ (ఐ-140కి ముందు కంపెనీ లేబర్ శాఖ దగ్గర వేసేది) గానీ ఐ-140 గానీ వేసి 365 రోజులు దాటితే ఏడాది చొప్పున ఇస్తారు. అంటే ఐదో ఏడాది నిండేలోపు పెర్మ్ పడి తీరాలి. ఆ తారీఖు హెచ్ఆర్‌కి గుర్తుండదు, మీకే గుర్తుండాలి.

ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా, దాని మీద హెచ్-1బీ పొడిగింపులు ఆగవు. ఈ రూల్ 2017 జనవరి నుంచి ఉంది. ప్రయారిటీ డేట్ అయితే, మోసమో పెద్ద తప్పో బయటపడితే తప్ప, మీదే. కొత్త కంపెనీ మళ్ళీ పెర్మ్, ఐ-140 చేయాలి గానీ పాత డేట్ వెంట వస్తుంది. కాబట్టి “140 ఇక్కడుంది, ఎక్కడికి పోతాను” అని జీతం పెరగకుండా ఎనిమిదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చోనక్కర్లేదు. నా మట్టుకు నేను అలా ఐదేళ్ళు కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను.

మారేటప్పుడు మాత్రం ఆఫర్ మీద సంతకం పెట్టక ముందే అడగండి: పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారు? చేరిన రోజునా, ఏడాది తర్వాతా? జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. పెర్మ్‌కే ఏడాది పైన పడుతోంది కాబట్టి ఈ ప్రశ్న జీతంతో సమానం.

ఉద్యోగం పోతే 60 రోజులు, లేదా ఐ-94 తారీఖు, ఏది ముందైతే అది. ఆ లోపల కొత్త కంపెనీ పిటిషన్ పడాలి, లేదా హెచ్-4కో (హెచ్-1బీ వాళ్ళ భార్యాభర్తలకి, పిల్లలకి ఇచ్చేది) మరో స్టేటస్‌కో మార్చుకోమని దరఖాస్తు పడాలి. మొదటి వారం బాధపడటానికి ఇచ్చేసి రెండో వారం మొదలుపెడదామనుకుంటే కుదరదు. మొదటి రోజే అటార్నీకి ఫోన్. ఇంకొకటి, ఆ సమయంలో ఇండియా వెళ్ళి అక్కడి నుంచి చూసుకుందాం అనుకోకండి. 2025 సెప్టెంబరు ప్రకటనతో దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల చెల్లింపు వచ్చి పడింది. లోపల ఉండి మార్చుకునేవాళ్ళకి అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ తర్వాత వివరించింది. అటార్నీని అడగకుండా విమానం ఎక్కొద్దు.

ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఉంచమని అందరూ చెప్తారు. నేనూ అదే చెప్తాను. దానికి తోడు నలుగురికి ఇండియాకి వన్ వే టికెట్ల డబ్బు కూడా. అది ఉందని తెలిస్తే రాత్రిళ్ళు కాస్త నిద్ర పడుతుంది.

పిల్లల వయసు: అన్నిటికంటే ముందు చూడాల్సిన గడియారం

పిల్లలకి 21 నిండితే మన కేసులోంచి జారిపోతారు. సీఎస్‌పీఏ అనే 2002 నాటి చట్టం కొంత కాపాడుతుంది. ఎలాగంటే, వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున పిల్లాడి వయసు తీసుకుని, ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. వచ్చిన వయసు 21 లోపు ఉంటే గట్టెక్కినట్టే. ఆ తర్వాత ఏడాది లోపల దరఖాస్తు పెట్టాలి.

ఉదాహరణకి డేట్ వచ్చేసరికి మీ అబ్బాయికి 21 ఏళ్ళ 4 నెలలు. ఐ-140 అప్రూవ్ కావడానికి 7 నెలలు పట్టింది. లెక్కలో వయసు 20 ఏళ్ళ 9 నెలలు, బతికిపోయాడు. అదే మీరు ప్రీమియంలో వేసి పదిహేను రోజుల్లో అప్రూవ్ చేయించుకుని ఉంటే? తీసేయడానికి రోజులే లేవు. మనం డబ్బు కట్టి మరీ తొందరపెట్టింది ఇక్కడ పిల్లాడికి ఎదురు తిరుగుతుంది. పెర్మ్‌లో గడిచిన కాలం అసలు లెక్కలోకే రాదు.

వయసు లెక్కకి ఏ పట్టిక చూడాలన్నది కూడా మారుతూ వచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి ఫైలింగ్ పట్టికను కూడా వాడనిచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకి మళ్ళీ ఫైనల్ యాక్షన్ పట్టికే అన్నారు. పాత వీడియోలు చూసి ధైర్యంగా ఉండకండి.

మా అమ్మాయి 2009లో విజయవాడలో పుట్టింది. మూడేళ్ళప్పుడు వచ్చింది. పోయినేడు వేసవిలో స్నేహితురాళ్ళంతా ఐస్‌క్రీమ్ షాపులో పనికి చేరుతుంటే తనూ ఫారం నింపుకుని వచ్చింది. సోషల్ సెక్యూరిటీ నంబరు అనే గడి దగ్గర ఆగి, “నాన్నా, నాది ఏంటి?” అంది. ఆ రోజు భోజనాల దగ్గర అంతా చెప్పేశాం. హెచ్-4 అంటే ఏంటి, ఎందుకు పని చేయకూడదు, 21కి ఏమవుతుంది. అంతకు ముందు రెండేళ్ళ నుంచీ, ఇప్పుడే ఎందుకులే అని దాటేస్తూ వచ్చాం. తను విని, ఇది నాకు ముందే చెప్పాల్సింది అంది. నిజమే.

పదో తరగతి నాటికి చెప్పేయండి. పదకొండులో ఉండగా మీ రాష్ట్రంలో హెచ్-4 పిల్లలకి ఇన్-స్టేట్ ఫీజు ఇస్తారో లేదో కాలేజీలనే అడగండి, రాష్ట్రానికో తీరు. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్-4 వాళ్ళకి రాదు, కాబట్టి ఆ డబ్బు విడిగా చూసుకోవాలి. 20 నిండేసరికి స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మార్చే పని మొదలైపోవాలి. కెనడా, ఇండియా కాలేజీలకు కూడా దరఖాస్తు పెట్టడం ఓటమేమీ కాదు. మా అమ్మాయి లిస్టులో రెండు కెనడావి ఉన్నాయి, తనే పెట్టుకుంది.

ఇంట్లో రెండో మనిషి

హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-4లో ఉన్న భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి, 2015 మే నుంచి ఉంది. దాని మీద నడిచిన కోర్టు కేసు, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోకపోవడంతో ముగిసింది. కానీ అదే నెలాఖరు నుంచి, రెన్యువల్ వేస్తే దానంతటదే పొడిగే సౌకర్యం కొత్త దరఖాస్తులకి తీసేశారు. గడువుకి 180 రోజుల ముందు నుంచి వేసుకోవచ్చు, ఆ మొదటి రోజే వేసేయండి. అయినా మధ్యలో ఉద్యోగం ఆగే ప్రమాదం ఉందని కంపెనీకి ముందే చెప్పి ఉంచడం మేలు.

ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతేలో, హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు కాల్పుల్లో చనిపోయారు. అంత్యక్రియలకి ఇండియా వెళ్ళిన ఆయన భార్యకి తిరిగి రావడానికి స్టేటస్ లేకుండా పోయింది. ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుని సాయపడాల్సి వచ్చింది. అందరికీ అలా ఎవరో రారు. కాబట్టి టర్మ్ ఇన్సూరెన్స్, విల్లు, ఇద్దరికీ ఏదైనా అయితే ఇక్కడ పిల్లల్ని తాత్కాలికంగా ఎవరు చూసుకుంటారో రాసిన గార్డియన్‌షిప్ కాగితం, ఈ మూడూ చేయించండి. బ్యాంకు ఖాతాల్లో, కరెంటు బిల్లులో, ఇంటి లీజులో భార్య పేరు కూడా ఉండాలి. మేము ఇవన్నీ ఒక శనివారం పొద్దున కూర్చుని మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి ఇద్దరికీ మాటల్లేవు. సాయంత్రం సినిమాకి వెళ్ళిపోయాం.

ఇండియా ప్రయాణం

ఇప్పుడు స్టాంపింగ్ (పాస్‌పోర్ట్ మీద కొత్త వీసా వేయించుకోవడం) అంటే ఒకప్పటిలా ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పడేసి మామిడిపళ్ళు తిని రావడం కాదు. 2025 సెప్టెంబరు నుంచి హెచ్-1బీ వాళ్ళలో దాదాపు అందరికీ ఇంటర్వ్యూ తప్పనిసరైంది. డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీ మొదలై, అప్పటికే ఇండియా చేరిన వాళ్ళ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. రెండు వారాల సెలవు మీద వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయినవాళ్ళు చాలామంది.

కాబట్టి స్టాంపింగ్ అవసరమయ్యే ప్రయాణం పెట్టుకునే ముందు, మూడు నెలలు ఇరుక్కుంటే ఉద్యోగం ఉంటుందా అని మేనేజర్ని నేరుగా అడగండి. పిల్లలందరినీ ఒకేసారి తీసుకెళ్ళాలా అన్నది ఆలోచించండి. స్టాంపు ఉన్నప్పుడే అమ్మానాన్నల్ని చూసి వచ్చేయండి, వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ కోసం ముందే ఏర్పాట్లు చేసి పెట్టండి. ఆసుపత్రిలో సంతకం పెట్టగలిగే తమ్ముడో బాబాయ్ కొడుకో ఎవరు, డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుంది, అంబులెన్సుకి ఎవరికి ఫోన్ చేయాలి. ఆస్తి పనికి పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడి నుంచి పంపితే, ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది తెలియక మళ్ళీ మొదటి నుంచి చేసుకున్నవాళ్ళున్నారు.

ఇక అమ్మకో నాన్నకో చివరి రోజులైతే వెళ్ళాలా వద్దా? దీనికి చెక్‌లిస్టు లేదు. నేనైతే వెళ్ళండి అంటాను. మా నాన్నకి 2022లో గుండెకి ఆపరేషన్ అయినప్పుడు స్టాంపు లేదని నేను వెళ్ళలేదు. ఆయన బాగానే ఉన్నారు, ఏమీ అనుకోలేదు కూడా. నాకే ఇంకా ఎక్కడో గుచ్చుకుంటూ ఉంటుంది.

చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణాలు చేసి వచ్చాను. నూట ఎనిమిది బాకీ ఉంది. కార్డుకి మొక్కుకోవచ్చా, వీసాకేనా అని మా ఆవిడ అనుమానం.

బులెటిన్ నెలకి ఒక్కసారే

బులెటిన్ నెలకోసారే వస్తుంది. రోజుకి పదిసార్లు చూసినా నెలకోసారే వస్తుంది. వచ్చాక పది నిమిషాలు చూడండి, ఫ్రిజ్ మీద కాగితంలో రాయండి, అంతే. అంచనాలు చెప్పే వీడియోలు ఆపేయండి. వాళ్ళకి తెలిసినంత మీకూ తెలుసు.

బిల్లుల సంగతీ అంతే. దేశాల కోటా ఎత్తేసే హెచ్ఆర్ 1044 బిల్లు 2019 జులైలో హౌస్‌లో 365-65 ఓట్లతో గెలిచింది. మేం స్వీట్లు పంచుకున్నాం. 2020 డిసెంబరులో సెనేట్ తన సొంత రూపంలో పాస్ చేసింది. రెండూ కలవకుండానే ఆ కాంగ్రెస్ ముగిసింది. 2022 డిసెంబరులో అలాంటిదే ఇంకో బిల్లు, ఈగిల్ యాక్ట్‌ని హౌస్‌లో ఓటింగ్ దాకా రానివ్వకుండానే పక్కన పెట్టారు. మీ కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయండి, ఫోన్ చేయండి, అది మంచి పనే. ఇంటి నిర్ణయాలు మాత్రం దాని మీద కట్టొద్దు.

ఇల్లు కొనాలా? ఐదేళ్ళు ఆ ఊళ్ళో ఉంటామనిపిస్తే, వెళ్ళిపోవాల్సి వస్తే అద్దెకిచ్చే వీలుంటే, కొనండి. లేకపోతే వద్దు. కార్డుతో దానికి ముడి పెట్టకండి. మేము కార్డు వచ్చాక మంచి సోఫా కొందామని, క్రెయిగ్స్‌లిస్ట్‌లో ఎనభై డాలర్లకి కొన్నదాని మీద ఏడేళ్ళు కూర్చున్నాం. ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో కొత్త సోఫా ఉంది. మా ఆవిడ ఏమీ చెప్పలేదు, నేనూ ఏమీ అడగలేదు.

ఈబీ-1 (పెద్ద ప్రతిభ ఉన్నవాళ్ళ కేటగిరీ) చేసిపెడతాం, అవార్డులు ఇప్పిస్తాం, పేపర్లు రాయిస్తాం అనే ఫోన్లు వస్తాయి. నిజంగా అర్హత ఉంటే మంచి అటార్నీతో వేయండి. కొనుక్కున్న అవార్డుతో దొరికిపోతే పదేళ్ళుగా దాచుకున్న ప్రయారిటీ డేట్‌కే ముప్పు.

డేట్ వచ్చిన నెల

ఆ నెల వస్తే ఇలా చేయండి. మొదటి రోజే అటార్నీకి మెయిల్. అదే రోజు ఇంట్లో అందరికీ సివిల్ సర్జన్ (యూఎస్‌సీఐఎస్ గుర్తించిన డాక్టరు) దగ్గర మెడికల్ అపాయింట్‌మెంట్. 2024 డిసెంబరు నుంచి, మెడికల్ అవసరమైనవాళ్ళు ఐ-485తో పాటే పెట్టాలి, తర్వాత పంపుతామంటే తిప్పి పంపొచ్చు. టీకాల రికార్డు ముందే ఉంటే ఒక వారం కలిసొస్తుంది. వేశాక వచ్చే ఈఏడీ చూసి హెచ్-1బీని వెంటనే వదిలేయకండి, ఐ-485 ఏ కారణంతోనైనా తిరస్కరిస్తే నిలబడటానికి అదే నేల. వేసి 180 రోజులు దాటి, ఐ-140 కూడా అప్రూవ్ అయి ఉంటే, అదే తరహా పనిలోకి కంపెనీ మారొచ్చు. అడ్వాన్స్ పెరోల్ (ఐ-485 పెండింగ్‌లో ఉండగా బయటికెళ్ళి రావడానికి ఇచ్చే అనుమతి) చేతికి రాకముందు ప్రయాణమైతే హెచ్-1బీ వీసా సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం కావాలి. దీనికి ఏజెన్సీకి డబ్బు కట్టక్కర్లేదు. రెండు భాషలూ వచ్చిన స్నేహితుడు ఎవరైనా చేసి, తనకు రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని కింద రాసి, పేరు, అడ్రసు, తారీఖు వేసి సంతకం పెడితే చాలు. 2020 అక్టోబరులో మా డైనింగ్ టేబుల్ మీద మూడు కుటుంబాల ఫైళ్ళు పరుచుకుని కూర్చున్నాం. ‘ఆడ శిశువు’, ‘గ్రామ పంచాయతీ కార్యదర్శి’, ‘ఇంటి నంబరు లేదు’ అన్నీ వరసగా ఇంగ్లిష్‌లోకి మార్చాను. మూడిటి మీదా అనువాదకుడి సంతకం నాదే.